మావగారి ముల్లు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం నా కూతురు ఏడవకపోవడమంటే.

తల్లులందరూ పిల్లలు ఏడుస్తారని భయపడతారు. బస్సులో ఏడుస్తారని, తాళి కట్టే వేళకి ఏడుస్తారని, డాక్టరు సూది తీయగానే ఏడుస్తారని. నాకు ఆ భయాలన్నీ ఉండేవి. గ్యాసు కట్టేశానా, పిల్ల గుండీ మింగిందా, ఫ్యాను ఊడి పడుతుందా అనే భయాలు కూడా ఉండేవి. ఇప్పుడూ ఉన్నాయి, కాకపోతే వెనక వరసలో కూర్చున్నాయి. ముందు వరసలో ఇదొక్కటే. మా తన్మయి ఎక్కడైనా పడిన చప్పుడైతే నేను ముందు చెవులు రిక్కిస్తాను. ఏడుపు వినబడితే హమ్మయ్య అనుకుని నింపాదిగా లేస్తాను. వినబడకపోతే చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ పడేసి పరిగెడతాను.

ఇది ఎందుకో చెప్పాలంటే మా ఇంటికి మావగారు వచ్చిన సంగతి చెప్పాలి. మా సొంత మావగారు నా పెళ్ళికి ముందే పోయారు. నేను చెప్పేది పెట్టె గురించి.

మా బావ దాలినాయుడు ఒడ్డుపేట అణు విద్యుత్ కేంద్రంలో పని చేస్తాడు. నాకు మేనత్త కొడుకు కాబట్టి, అతన్నే చేసుకున్నాక కూడా బావా అనే పిలుస్తాను. రియాక్టరుని నడిపే గదిలో అతని పని. అయితే లైసెన్సు రానివాడు ఆ గదిలో ఏ పిడినీ సొంతంగా తిప్పకూడదు. లైసెన్సు ఉన్నవాడు పక్కన నిలబడి చూస్తుంటేనే తిప్పాలి. కొత్త కోడలు పొయ్యి ముట్టుకోవాలంటే అత్త పక్కన నిలబడినట్టా అని పెళ్ళయిన కొత్తలో నేనడిగితే, అచ్చం అంతే, కాకపోతే అక్కడ అత్తలు ప్యాంట్లు వేసుకుంటారు అన్నాడు.

ఆ లైసెన్సు రావడమంటే మాటలు కాదు. ముందు రాత పరీక్ష. తర్వాత అసలు గదికి అచ్చు గుద్దినట్టుండే నకిలీ గదిలో కూర్చోబెట్టి, పంపు ఆగిపోయింది, గొట్టం కారుతోంది అని దొంగ ప్రమాదాలు తెచ్చి మీద పడేస్తారు. తర్వాత పరీక్షాధికారి వెంటబెట్టుకుని ప్లాంటంతా తిప్పుతూ, ఇదేం గొట్టం, అది మూస్తే ఏమవుతుంది అని అడుగుతాడు. ఇవన్నీ గట్టెక్కాక వైద్య పరీక్ష. మా బావ ఇవన్నీ గట్టెక్కాడు. అప్పుడే లైసెన్సు బోర్డు కొత్త నియమం ఒకటి పెట్టింది. అదే ఇంటి పరీక్ష.

రియాక్టరులో ప్రతి గొట్టానికీ వేడి కొలిచే ముల్లు ఉంది, దాని ముందు కూర్చునే మనిషికి లేదేం అని బోర్డులో ఎవరో అన్నారట. ఏదో ప్రయోగశాలలో ఎవరో విని, ఆ ముల్లు తయారు చేసేశారట. దాన్ని ఇంట్లోనే ఎందుకు పెట్టాలి అంటే, నకిలీ గదిలో మనిషి ఆ కాసేపూ నటించగలడు, సొంతింట్లో ఎంతకాలం నటిస్తాడు అని వాళ్ళ లెక్క. మా కుటుంబాన్ని వాళ్ళు చూడలేదు కాబట్టి అలా అనుకున్నారు.

ఫ్రాన్సిస్ అనే కుర్ర టెక్నీషియను ఆ పెట్టె తెచ్చి హాల్లో అలమరా పైన బిగించాడు. పెట్టె టిఫిను క్యారేజీ అంత ఉంది. ముందు గుండ్రటి అద్దం, అద్దం వెనక ముల్లు, ముల్లు వెనక ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. దానికి కళ్ళు లేవు, మాటలు అర్థం కావు అని చెప్పాడు. గొంతులో వణుకు, అడుగుల బరువు, ఊపిరి వేడి మాత్రం పట్టుకుంటుందట. మీరేం మాట్లాడుకున్నా దానికి తెలియదండి, మీ గాబరా ఒక్కటే తెలుస్తుంది అన్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నా దగ్గర ఉన్నదే అది.

తర్వాత అతను మాటల్లో మాటగా వంటింట్లోంచి తెచ్చుకున్న స్టీలు కంచాన్ని మా అత్త వెనక నేలకేసి కొట్టాడు. అత్త ఎగిరి గెంతింది. ముల్లు ఎరుపులోకి దూకింది. ఇదిగో ఇలా పని చేస్తుంది అని చూపించి, టీ తాగి, మరేం కంగారు పడకండి, మామూలుగా ఉండండి అని చెప్పి లేచాడు.

అత్త నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, ఆ గుంటడు మామూలు అడుగుతన్నాడు, ఎంతియ్యాలో కనుక్కో అంది. ఆ మామూలు కాదత్తా, మన మామూలు అని నేను చెప్పాను. మన మామూలంటే ఏటని అడిగింది. నేను కాస్త ఆలోచించి, చుట్టాలొచ్చినప్పుడు ఎలా ఉంటామో అలా అన్నాను.

అక్కడే పడింది తప్పటడుగు. ఇంటికి ఎవరైనా పెద్దమనిషి వచ్చి మామూలుగా ఉండండమ్మా అంటే మనం మామూలుగా ఉంటామా? చాప దులుపుతాం, చిరిగిన దుప్పటి దాస్తాం, పిల్లల నోరు మూస్తాం.

పైగా దిగులు పడడానికి మాకు కారణముంది. ఈ ఇంటి పరీక్ష పోతే బావ మళ్ళీ ఆ గదిలో కుర్చీకి పోటీ పడడానికి వీలుండదు, ఎక్కడో దూరాన మరో ప్లాంటు స్టోర్సులో కూర్చోబెడతారని కాలనీలో చెప్పుకున్నారు. మా అత్త పారమ్మ ఈ ప్లాంటు కట్టేటప్పుడు గంపతో ఇసక మోసిన మనిషి. ఆ గోడల వెనక ఒక గది ఉంటుందని, అందులో ఒక కుర్చీ ఉంటుందని మేస్త్రీ చెబితే విన్న రోజునుంచీ కొడుకు ఆ కుర్చీలో కూర్చోవాలని ఆవిడ కోరిక. కుర్చీ ఎలా ఉంటుందో కూడా ఆవిడకి తెలియదు.

పెట్టెకి పేరు పెట్టింది ఎదురింటి నీలవేణి. అప్పటికి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. చక్కెరకని వచ్చి, మేం గుసగుసగా మాట్లాడుకోవడం చూసి, పెట్టె కేసి చూసి, పైట సర్దుకుని, మా మావగారూ అంతే అక్కా, నోరు తెరిచి ఏటీ అనరు, కానీ ఆయనుంటే మన గొంతు లెగదు అంది. ఆ రోజునుంచి మా ఇళ్ళ వరసంతా దాన్ని మావగారనే పిలిచింది. మా వరసలో లైసెన్సుకి కూర్చున్న ప్రతి ఇంట్లోనూ ఒక మావగారు వెలిశారు.

ముల్లు ఆకుపచ్చలో ఉంచడం ఎలా అన్నదే ఇక మా బతుకు. కుక్కరు ఈల వేస్తే నేను ఉలిక్కిపడతానని దాన్ని అటక ఎక్కించి గిన్నెలో అన్నం వండాను. కాలింగు బెల్లు తీగ పీకేశాం. గెడ్డకి అవతల మేసే గేదెల్ని ఇవతలి గట్టునుంచి పిలిచే గొంతు మా అత్తది. ఆ గొంతుని మడిచి గుసగుస చేసింది. టీవీ సీరియలు చప్పుడు లేకుండా చూస్తూ, అందులో వాళ్ళ మాటలన్నీ తనే కల్పించి చెవిలో చెప్పేది. అసలు కథ ఏమోగానీ మా అత్త చెప్పిన కథలో అందరూ ఒకరి నగలు ఒకరు దొంగిలించారు. నా మొగుడు బతికున్నప్పుడు కూడా ఇన్నాళ్ళు నోరు మూసుకోనేదే అని ఆవిడ బాధపడితే, మూసుకునుంటే బతికుండేవాడేమో అన్నాడు మా బావ. ఆ మాటకి అత్తకి కోపం వచ్చింది. కోపం వచ్చినా కదలకుండా కూర్చుని, కళ్ళు మూసుకుని, బస్సు షెడ్డుకి పద అంది.

బస్సు షెడ్డంటే కాలనీ గేటు బయట ఉంటుంది. కొత్త రోడ్డు వేశాక బస్సులు అటు రావడం మానేశాయి. ఇళ్ళల్లో మావగార్లు వెలిశాక షెడ్డుకి మళ్ళీ కళ వచ్చింది. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోవాలంటే అక్కడికి వెళ్ళేవారు. సాయంత్రాలు వంతు కోసం ఆగాల్సి వచ్చేది. లోపల ఒక జంట అరుచుకుంటుంటే బయట ఇంకో జంట బుద్ధిగా నిలబడి, మీదయిపోనాదా, మాది సిన్నదే, చుట్టాలకి చీర పెట్టలేదని అని అడిగేవారు. నేనూ బావా అక్కడ చాలా గొడవలు తేల్చుకున్నాం. తీరా వంతు వచ్చేసరికి దేనికి వచ్చామో మర్చిపోయి, వేరుశెనక్కాయలు కొనుక్కుని తిరిగి వచ్చిన రోజులూ ఉన్నాయి.

వీటికి తోడు బావకి నకిలీ గది అలవాట్లు ఒంటబట్టాయి. ఆ గదిలో ఒకరు చెప్పింది రెండోవాళ్ళు తిరిగి చెప్పాలి, మొదటివాళ్ళు అవునని ఒప్పుకోవాలి, అప్పుడే చెయ్యి కదపాలి. ఇంట్లో ఉప్పు ఇలా ఇయ్యి అంటే నేను ఇచ్చేసేదాన్ని. అలా కాదు, ఉప్పు ఇస్తున్నాను అని చెప్పు అనేవాడు. ఉప్పు ఇస్తన్నాను అనేదాన్ని. అవును, ఉప్పే అనేవాడు. సెవుడొచ్చినాదేట్రా నీకు అని అత్త నిట్టూర్చేది. కొన్నాళ్ళకి ఆవిడే, స్నానానికెళ్తన్నాను, స్నానానికెళ్తన్నానని నువ్వన్లేదేటే అని నన్ను తప్పు పట్టడం మొదలెట్టింది.

పిల్లని ఉయ్యాల్లో ఊపుతూ పరీక్ష జవాబులు వల్లె వేసేవాడు. అవి విని విని నాకూ నోటికొచ్చేశాయి. తన్మయికి బాగా నిద్ర పట్టే జవాబు ఒకటుండేది. దాన్ని జోలపాటలా సాగదీసి చెప్పేవాడు. ఏ ముల్లయినా ఎంతకీ కదలకపోతే అంతా బాగున్నట్టు కాదు, ముల్లు పని చెయ్యడం లేదేమో చూడాలి, పక్క ముల్లుతో సరిచూడాలి. ఆ మాటలు వింటూ మేం పెద్దవాళ్ళం అలమరా పైకి చూస్తూ కూర్చునేవాళ్ళం, మా ముల్లు కదలనందుకు మురిసిపోతూ.

పిల్ల సంగతి అన్నిటికన్నా కష్టమైంది. అప్పుడప్పుడే నడుస్తోంది. పడేది, ఏడిచేది. నేను నోట్లో మాట నోట్లోనే ఉండగా దాన్ని ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తేదాన్ని. పరిగెత్తితే అడుగుల బరువు తెలుస్తుందని గాలి మీద తేలుతున్నట్టు పరిగెత్తడం నేర్చుకున్నాను. తిరిగొచ్చాక నోటి మీద వేలు పెట్టి, పెట్టె చూపించి, ష్, తాతయ్య చూస్తారు అని చెప్పేదాన్ని. అత్త కూడా అలాగే చెప్పేది, బావ కూడా.

తన్మయి నోట మొదటగా తెలిసేలా వచ్చిన మాట అమ్మ కాదు, అత్త కాదు. ష్. మేం ఎంత నవ్వామో. చప్పుడు లేకుండా.

కొన్నాళ్ళకి ఫ్రాన్సిస్ మళ్ళీ వచ్చాడు. మీ ఇంటి పెట్టె పాడైందని బోర్డువాళ్ళు అనుకుంటున్నారండి అన్నాడు. మళ్ళీ కంచం పడేశాడు. ముల్లు బుద్ధిగా గెంతింది. అతను పెట్టెని చూశాడు, మమ్మల్ని చూశాడు, పిల్లని చూశాడు. ఈ ఇంట్లో మీరు నిజంగానే ఉంటున్నారా అండి, లేకపోతే తాళం వేసి ఊరెళ్ళారా అని అడిగాడు. ఎందుకైనా మంచిదని వేరే పెట్టె బిగించి పోయాడు. ఆ పెట్టె కూడా పాడైందనుకుని మళ్ళీ వచ్చాడు.

అత్త గొప్ప అంతా ఇంతా కాదు. కాలనీ అంతా తిరిగి, మా ఇంట్లో ఇద్దరు మావగార్లు సచ్చిపోనారనుకున్నారంట బోర్డోలు అని చెప్పుకొచ్చింది. నీలవేణి అత్తగారు, రేపు మావోడు లైసెన్సుకి కూకున్నప్పుడు పనికొస్తాది, ఆ కిటుకేటో మా కోడలికీ నేర్పమని నన్ను బతిమాలింది. నేను నేర్పాను కూడా.

ఒక ఆదివారం పొద్దున అత్త పెరట్లో ఎండు చేపలు ఆరబెడుతోంది. బావ లోపలి గదిలో చదువుకుంటున్నాడు. నేను వంటింట్లో గోంగూర వొలుస్తున్నాను. హాల్లో పిల్ల ఆడుకుంటోంది. ష్ అన్నది. నేను నవ్వుకున్నాను. మళ్ళీ ష్ అన్నది. ఎవరిని బెదిరిస్తోందో చూద్దామని తొంగి చూశాను.

ఇనప బీరువా దగ్గర నిలబడి ఉంది. మొహం కందిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు. నోరు తెరిచి ఉంది గానీ శబ్దం లేదు. చూపు అలమరా పైన పెట్టె మీద ఉంది. ఒక చేతి వేలు పెదవుల మీద ఆనించుకుని ఉంది. రెండో చెయ్యి ఎక్కడుందా అని చూశాను. బీరువా తలుపు సందులో ఉంది.

నా గొంతులో అంత కేక ఉందని నాకే తెలియదు. అత్త చేపలు వదిలేసి వచ్చింది. బావ పరిగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు గుమ్మంలో ఆగి, ముందు తలెత్తి ముల్లు కేసి చూశాడు. ఒక్క రెప్పపాటే. తర్వాత పిల్లని చూశాడు.

"ముందు దాన్నెందుకు చూశావు బావా?"

నేను అరిచాను. ముల్లు ఎరుపు చివరికి పోయి అద్దానికి గుద్దుకుని అక్కడే వణుకుతోంది. నేను ఇంకా ఏమేమో అన్నాను. అతనూ అన్నాడు, దానికి ష్ నేర్పింది ఎవరని. బస్సు షెడ్డు ఎవరికీ గుర్తు రాలేదు. అత్త మా ఇద్దరి మధ్యకి వచ్చి, ముందు గుంట సెయ్యి తియ్యండర్రా అని కసిరింది.

అప్పుడతని గొంతు మారింది. నకిలీ గది గొంతు అది. నేను తలుపు లాగుతాను, నువ్వు చెయ్యి పట్టుకో అన్నాడు. చెయ్యి పట్టుకుంటున్నాను అన్నాను. అవును అన్నాడు. అమ్మా, చల్లటి నీళ్ళు అన్నాడు. సల్లటి నీల్లు తెస్తన్నాను అని అత్త కుండ దగ్గరికి పోయింది. ఆ తిరిగి చెప్పడంలో ఏముందో గానీ, చెప్పిన కొద్దీ నా చేతుల వణుకు తగ్గింది. ఉప్పుకి పనికిరాని అలవాటు వేలుకి పనికొచ్చింది.

ఎముక విరగలేదని ఆసుపత్రిలో చెప్పారు. గోరు నల్లబడింది, ఊడి మళ్ళీ వస్తుందన్నారు. డాక్టరు వేలు నొక్కి చూస్తుంటే తన్మయి గోడలన్నీ వెతికింది. పెట్టె కోసమని నాకు అర్థమైంది. కనపడకపోయినా ఎక్కడో ఉందనుకుని నోరు బిగించుకుంది. ఎంత మంచి పిల్లమ్మా, ఇంతటి పిల్లల్లో ఇలా ఏడవనివాళ్ళని నేను చూడలేదు అన్నాడు డాక్టరు. ఆ మెచ్చుకోలుకి నేను వెక్కి వెక్కి ఏడిస్తే ఆయన కంగారు పడిపోయాడు.

సాయంత్రం బావ పిల్లని ఉయ్యాల్లో వేసి ఊపుతూ అలవాటుగా జవాబు మొదలెట్టాడు. ఏ ముల్లయినా ఎంతకీ కదలకపోతే అంతా బాగున్నట్టు కాదు అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. ఉయ్యాల కూడా ఆగింది. కట్టు కట్టిన వేలు చూశాడు, పెట్టెని చూశాడు, మళ్ళీ వేలు చూశాడు.

"మాలా," అని నన్ను పిలిచాడు. "పక్క ముల్లు ఇదేనే," అన్నాడు. "ఇన్నాళ్ళూ ఇది మన పక్కలోనే ఉంది. దీన్ని కూడా మనమే కట్టేశాం."

పరీక్షాధికారి వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేస్తానన్నాడు. చెబితే మోసం కింద జమకట్టి ఉద్యోగంలోంచి తీసేస్తారేమో అని నేనన్నాను. అత్త ఏమంటుందోనని ఇద్దరం అటు చూశాం. ఆవిడ చాలాసేపు చేటలో చేపలు అటూ ఇటూ తిప్పింది.

"సెప్పీరా," అంది. "నాను మోసిన ఇసక ఎక్కడికీ పోదు."

బోర్డు తరఫున విశాలాక్షి గారనే ఆవిడ వచ్చింది. ముల్లు గీసిన గీత ఉన్న కాగితం చుట్ట ఒకటి తెచ్చి మా హాల్లో నేల మీద పరిచింది. గోడనుంచి గుమ్మం దాకా గీత తాడు లాగినట్టు తిన్నగా ఉంది. చివర్లో ఒక్కచోట కొండలా లేచింది. ఆ కొండ దగ్గర ఆవిడ గొంతుకూర్చుంది. 

ఆ రోజు ఏం జరిగిందని అడిగింది. నేను చెప్పాను. అంతకు ముందు రోజుల్లో ఏం జరిగిందని అడిగింది. బావ నిలబడి చెప్పాడు.

"కదలని ముల్లుని నమ్మకూడదని మీకే జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నానండి. ఇంట్లో మటుకు కదలని ముల్లుకి దండం పెట్టాను. ఈ గీత నాది కాదు. నా కూతురు నోరు మూసుకుని గీసింది."

 ఆవిడ అడిగింది, ముల్లు లేవకూడదని మీకెవరు చెప్పారని. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరూ చెప్పలేదు. మామూలుగా ఉండమన్నారంతే అంది అత్త.

అప్పుడు ఆవిడ చెప్పింది విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముల్లు లేవడాన్ని వాళ్ళు చూడరట. అందరి ఇళ్ళల్లోనూ లేస్తుంది, కప్పలా గెంతే ఇళ్ళున్నాయి, వాటికే లైసెన్సు ఇచ్చాం అంది. లేచింది ఎలా దిగిందన్నదే చూస్తారట. గాబరా రాని మనిషి వాళ్ళకి అక్కర్లేదు, వచ్చాక తేరుకునే మనిషి కావాలి. మా ఇంట్లో లేవనే లేదు కాబట్టి దిగడం చూడడానికి ఏమీ లేదు. ఆ కొండని వేలితో చూపిస్తూ, ఇక్కడ చూడండి, ఇంత ఎత్తు లేచి ఎంత నింపాదిగా దిగిందో, మీ ఇంట్లో మామూలు రోజు ఇదొక్కటే అంది. ఉన్నది దాచకుండా చెప్పాడు కాబట్టి తీసెయ్యడం లేదని, పరీక్ష మళ్ళీ మొదటినుంచి పెడతామని చెప్పింది. చెప్పులు వేసుకుంటూ, ఈసారైనా మామూలుగా ఉండండి అంది.

ఇక చూడండి మా తిప్పలు. కుక్కరు దించాం, బెల్లు తీగ కలిపాం, టీవీ చప్పుడు పెంచాం. సీరియల్లో అసలు ఎవరూ నగలు దొంగిలించడం లేదని తెలిసి అత్త టీవీ మానేసింది. హాల్లోనే పోట్లాడుకుందామని నేనూ బావా ఎదురెదురుగా కూర్చున్నాం. దేని గురించి అని అతనడిగాడు. చీర గురించా అన్నాను. చీర గురించి అన్నాడు. అవును అన్నాను. ఆ తర్వాత ఇద్దరికీ మాట రాలేదు. ఏటి, నన్ను మొదలెట్టమంటారా అని అత్త సాయానికొచ్చింది. అప్పటికీ ముల్లు ఆకుపచ్చలోనే ఉంది. ముగ్గురం నవ్వేసరికి కాస్త పసుపు తాకింది.

పెద్దవాళ్ళం ఎలాగోలా దారిలో పడ్డాం. తన్మయి పడలేదు. మోకాలు దోక్కుపోయినా, ఆకలేసినా పెట్టె కేసి చూసి వేలు పెదవుల మీద పెట్టుకునేది. నేనూ అత్తా దాని ముందు కూర్చుని దొంగ ఏడుపులు ఏడ్చి చూపించాం. అది పాపం కట్టున్న చెయ్యి చాపి ఒకసారి నా నోరు, ఒకసారి అత్త నోరు మూసింది. పెట్టెని గోడవైపు తిప్పేద్దామా అంటే అది నేరం. బావ డ్యూటీనుంచి రాగానే అడిగే మొదటి మాట, ఏడిచిందా. లేదు అనేదాన్ని. లేదు అని తిరిగి చెప్పేవాడు. అవును అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. అతనికి లైసెన్సు వస్తుందా రాదా అన్న బెంగ నాకు అప్పుడు పోయింది. ఈ పిల్ల ఎక్కడో కాలు విరగ్గొట్టుకుని నవ్వుతూ కూర్చుంటుందన్న బెంగ వచ్చింది.

దాన్ని తీర్చింది ఒక కాకి.

హాలు గుమ్మంలో తన్మయి ఎండు చేప ముక్క పట్టుకుని కూర్చుంది. అది దానికి పంచప్రాణాలు. కాకి వచ్చి చేతిలోంచి తన్నుకుపోయింది. పిల్ల ఖాళీ చెయ్యి చూసుకుంది. కింది పెదవి వణికింది. అలవాటు ప్రకారం తలెత్తి పెట్టెని చూసి, వేలు పైకెత్తింది.

ఈలోగా మా అత్త కాకిని చూసింది. దాని నోట్లో చేపని చూసింది. అన్నాళ్ళూ మడిచి పెట్టుకున్న గొంతు అప్పుడు విప్పింది. ఆ కాకిని, దాని అమ్మని, దాన్ని ఒడ్డుపేటకి పంపిన గాలిని పేరు పేరునా తిట్టింది. ఇది దొంగ తిట్టు కాదు. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. ముల్లు ఎరుపులోకి ఎగిరి అద్దానికి ఠంగున తగిలింది.

తన్మయి వేలు సగంలో ఆగిపోయింది. పెట్టెని చూసింది. అత్తని చూసింది. అత్తకి ఏమీ కాలేదు. తాతయ్య దిగి రాలేదు. మళ్ళీ పెట్టెని చూసింది. వేలు దించింది. ఊపిరి బాగా లోపలికి తీసుకుంది.

ఆ ఏడుపు గురించి మా వరసలో ఇప్పటికీ చెప్పుకుంటారు. బీరువా సందులో నలిగిన వేలు కోసం, దోక్కుపోయిన మోకాళ్ళ కోసం, పెరట్లోకి ఎత్తుకుపోయిన ఏడుపులన్నిటి కోసం బాకీ లేకుండా ఏడ్చింది. మధ్యలో ఆగి, చేప గుర్తొచ్చి మళ్ళీ మొదలెట్టింది. నేను ఎత్తుకోకుండా పక్కన కూర్చున్నాను. అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

డ్యూటీ దిగి వస్తున్న బావకి వీధి మలుపులోనే వినబడిందట. సైకిలు దిగి, పరిగెత్తుకురాకుండా, గేటు దగ్గర నిలబడి విన్నాడు. తర్వాత మెల్లగా గుమ్మంలోకి వచ్చాడు. పెట్టె కేసి చూడలేదు.

"ఏడుస్తోంది," అన్నాడు.

"ఏడుస్తోంది," అన్నాను.

"అవును," అంది మా అత్త.

లైసెన్సు వచ్చింది. బావ ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు. ఎవరూ పక్కన నిలబడకుండానే పిడి తిప్పుతున్నాడు. వరసగా కొన్నాళ్ళు ఆ కుర్చీలో కూర్చోకపోయినా లైసెన్సు చెల్లదట, అందుకని జలుబు చేసినా నాకు భయమే. కుర్చీ ఎలాగుందిరా అని అత్త అడిగితే, కాళ్ళకి చక్రాలున్నాయి, కాస్త కిర్రుమంటుంది అన్నాడు. ఇంతేనా అంది. నూనెయ్యమని సెప్పు అంది. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఇప్పుడు పెట్టె మావగారు ఎదురింట్లో ఉన్నారు. నీలవేణి మొగుడు ఈసారి లైసెన్సుకి కూర్చున్నాడు. నీలవేణికి ఒక బాబు, ఇంకా పాకడం కూడా రాలేదు. ముల్లు లేచినా ఫర్వాలేదే, దిగడమే చూస్తారే అని నేను ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు. మీకు వచ్చేసింది కాబట్టి ఎన్నయినా చెబుతారక్కా అంటుంది. నా దగ్గర నేర్చుకున్న పాఠం నా కన్నా బాగా పట్టింది. పైగా నా గొంతు వింటే ముల్లు లేస్తుందని నన్ను గుమ్మం దాటనివ్వడం లేదు. మా అత్తనైతే వీధి దాటి అటువైపే రావద్దంది. బాబు ఏడుపు వినబడి చాలా రోజులైంది. కుక్కరు ఈల కూడా లేదు.

ఇది చదివినవాళ్ళు ఎవరైనా ఒడ్డుపేట కాలనీ వైపు వస్తే, మా ఎదురింటి తలుపు కొట్టండి. బెల్లు పని చెయ్యదు. నీలవేణి తలుపు తీసి, అంతా బాగానే ఉందండి అని నెమ్మదిగా, నవ్వుతూ చెబుతుంది. సరే అని వెనక్కి వచ్చెయ్యకండి. మంచినీళ్ళు అడగండి, లోపలికి వెళ్ళండి, బాబుని చేతుల్లోకి తీసుకోండి. వాడు ముందు మీ మొహం చూస్తాడో అలమరా పైకి చూస్తాడో ఒక్కసారి చూసి నాకు చెప్పండి.